"ఎన్నో స్టేజి, డాక్టరుగారూ?"

*ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలిన ఇంట మొట్టమొదట వినబడు ప్రశ్న ఇది. ఆ దశను నిర్ణయించునదేమి, ఏ దశకు ఏ చికిత్స, మన ప్రాంతమున ఇందరు కడపటి దశయందే ఏల బయటపడుచున్నారు?*

1933 ఏప్రిల్ 5వ తేదీ. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున, బార్న్స్ ఆసుపత్రి శస్త్రచికిత్సాశాలలో నలుబది యెనిమిదేండ్ల రోగి యొకడు రొమ్ము తెరవబడి మత్తులో నుండగా, చుట్టు నిలిచిన వైద్యులందరును కత్తి చేతబట్టిన ఎవార్ట్స్ గ్రాహమ్ ముఖమువంకనే చూచుచుండిరి. రోగి పేరు జేమ్స్ గిల్మోర్. తానును వైద్యుడే, పిట్స్‌బర్గ్ నగరమున పురుళ్లు పోయుచుండినవాడు. కణితి ఎడమ ఊపిరితిత్తి పైభాగమున మాత్రమే ఉన్నదనియు, ఆ భాగమును తీసివైచిన చాలుననియు తలచి రొమ్ము తెరచిరి. తీరా చూడగా అది ప్రధాన శ్వాసనాళపు మొదటి దాక ప్రాకియుండెను. పైభాగము మాత్రమే తీసిన రోగము లోపల మిగిలిపోవును. ఊపిరితిత్తినంతయు తీసివేయుదమా యన్న, క్యాన్సర్‌కై అట్లు ఒక్క విడతలో తీయగా బ్రదికి బట్టకట్టిన రోగి అంతవరకు ఒక్కడును లేడు.

గ్రాహమ్ ఆ ఊపిరితిత్తికి పోవు రక్తనాళమును కొంతసేపు నొక్కిపట్టి, గుండె తట్టుకొనగలదో లేదో పరికించి, రోగికి మిత్రుడై ఆ గదిలోనే ఉన్న వేరొక వైద్యునితో సంప్రదించి, ఎడమ ఊపిరితిత్తిని సమూలముగా తొలగించెను. ఏర్పడిన శూన్యము పూడుటకై ఏడు ప్రక్కటెముకలను సైతము తీయవలసి వచ్చెను. శస్త్రచికిత్సకు ముందు దొరకిన స్వల్ప విరామమున గిల్మోర్ తన ఊరికి పోయి, పండ్లు బాగు చేయించుకొనెననియు, తన సమాధికి స్థలము కూడ కొని వచ్చెననియు వైద్యచరిత్రకారులు చెప్పుదురు. బ్రతుకునకును చావునకును ఒకేమారు సిద్ధపడి వచ్చిన ఆ మనుష్యుడు మరల తన వృత్తిలో ప్రవేశించి, ఆ తరువాత దాదాపు 30 ఏండ్లు జీవించెను. ఆ క్యాన్సర్ ఆయనను మరల బాధింపలేదు.

గ్రాహమ్ కథ వేరు. సిగరెట్టునకును ఊపిరితిత్తుల క్యాన్సర్‌కును సంబంధము కలదను మాటను తొలుత నమ్మని ఆ శస్త్రవైద్యుడు, ఎర్న్‌స్ట్ విండర్ అను యువ విద్యార్థి పట్టుదలకు లోబడి, 684 మంది రోగుల వృత్తాంతములను అతనితో కలిసి పరిశీలించి, 1950లో ఆ సంబంధమును లోకమునకు వెల్లడించిన వారిలో ఒకడయ్యెను. తానును చిరకాలము పొగత్రాగినవాడే, అటుపిమ్మట మానివేసెను. కాని 1957 ఆరంభమున ఏదో జ్వరమువంటి నలత యనుకొని ఎక్స్‌రే తీయించుకొనగా రెండు ఊపిరితిత్తులయందును క్యాన్సర్ వ్యాపించియుండుట కనబడెను. ఆ మార్చి 4వ తేదీన ఆయన కన్నుమూసెను. ఆయన కాపాడిన రోగి అప్పటికి జీవించియే యున్నాడు.

ఒక్క రోగము, రెండు గతులు

లోకములో ఊపిరితిత్తుల శస్త్రచికిత్సకు పేరెన్నికగన్న చేయి ఎవరిదో, ఆ చేతికి పనిలేని దశలో రోగము ఆయనకే కనబడినది. ధనమునకు గాని, ఆసుపత్రికి గాని, విద్యకు గాని అక్కడ కొరత లేదు. రోగము ఎంత దూరము పోయిన పిమ్మట పట్టుబడినది అనునదే ఆ ఇద్దరి భాగ్యములను వేరుచేసినది.

నేడు ఈ సంగతి మన ఇండ్లలో చర్చకు వచ్చుచున్నదన్న దానికి కారణములు లేకపోలేదు. 2022 సంవత్సరపు అంతర్జాతీయ అంచనాల ప్రకారము లోకమున సుమారు 24.8 లక్షల మందికి ఈ రోగము క్రొత్తగా సోకగా, సుమారు 18 లక్షల మంది దీనివలన మరణించిరి. మరే క్యాన్సర్‌కును ఇందరు బలికాలేదు. మన దేశమున ఆ యేట క్రొత్త రోగుల సంఖ్య 80 వేలు దాటినది. వీరిలో చుట్టయు బీడీయు ఎన్నడును ముట్టని గృహిణులు, నలువది యేండ్లు నిండని ఉద్యోగులు కూడ కనబడుచుండుటచే, "పొగ తాగేవాళ్ల జబ్బు" అని ప్రక్కకు నెట్టివేయుట ఇక సాధ్యము కాదు. కట్టెల పొయ్యి పొగ, ఊరి గాలి, పరుల సిగరెట్టు పొగ, కొన్ని గనులలోని ధూళి, వీటన్నిటికిని ఇందులో పాలు కలదు. అయినను పొగాకుదే అగ్రస్థానమనుట మరువరాదు.

దశను కొలుచుట ఎట్లు?

రోగి ఎంత బాధపడుచున్నాడను దానికి దశ కొలత కాదు. దేహములో క్యాన్సర్ ఎంతమేర ఆక్రమించినదో తెలుపు లెక్క అది. దగ్గు తప్ప మరే బాధయు లేక స్వయముగా స్కూటరు నడుపుకొనుచు వచ్చినవాడు నాలుగవ దశలో ఉండవచ్చును. ఆయాసముతో మంచమెక్కినవాడు రెండవ దశలోనే ఉండవచ్చును. ఈ వైపరీత్యమునకు దేహనిర్మాణమే కారణము: ఊపిరితిత్తి కణజాలమున నొప్పిని తెలుపు నాడులు లేవు, దానిని కప్పియుండు పొరకు రోగము తగిలినప్పుడే నొప్పి తెలియును. అందుచేత తొలిదశ మౌనముగా గడచిపోవును.

గ్రాహమ్ కాలమున రొమ్ము తెరచిచూచుటయే దశానిర్ణయము. ఫ్రాన్స్ దేశమున పియేర్ దెన్వా అను వైద్యుడు 1943 మొదలు 1952 వరకు శ్రమించి ఒక పద్ధతిని రూపొందించెను. కణితి పరిమాణమునకు "టీ", లింఫు గ్రంథులకు "ఎన్", దూరావయవములకు రోగము పోవుటకు "ఎమ్" అను మూడక్షరములే దానికి మూలము. అమెరికాలో క్లిఫ్టన్ మౌంటెన్ 1970 దశకమున దానిని ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు అన్వయించి దశలను స్థిరపరచెను. అప్పటినుండి పలుమారులు సంస్కరణ పొంది, తొమ్మిదవ సంస్కరణ 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. రెండు ఊపిరితిత్తుల నడుమనున్న గ్రంథులలో ఒక్క స్థానమున రోగమున్నదా, అనేక స్థానముల నున్నదా అను భేదమును కూడ ఇప్పుడు లెక్కలోనికి తీసుకొనుచున్నారు.

దశ తేల్చుటకు ఎక్స్‌రే చాలదు. రొమ్ముకును పై పొట్టకును సీటీ స్కాన్, దేహమంతటికిని పెట్ స్కాన్, మెదడునకు ఎమ్మారై, నడుమ గ్రంథులనుండి సూదితో నమూనా తీయుటకు చివర అల్ట్రాసౌండు అమర్చిన బ్రాంకోస్కోపు, ఇవి అవసరమగును. అన్నిటికంటె ముఖ్యము బయాప్సీ. మన ఆసుపత్రులలో జనులు "ముక్క పరీక్ష" యందురు. "ముక్క తీస్తే జబ్బు పాకుతుందట" అను భయముతో నెలల తరబడి వాయిదా వేయు కుటుంబములు కలవు. ఆ భయమునకు ఆధారము లేదు. ఆ వాయిదా వలన కలుగు నష్టమునకు మాత్రము ఆధారములు ప్రతి వార్డులోను కనబడును.

> ■ నాలుగు దశలు, క్లుప్తముగా
>
> మొదటిది: కణితి 4 సెంటీమీటర్లు మించలేదు, గ్రంథులకు తాకలేదు.
> రెండవది: కణితి అంతకంటె పెద్దది, లేక అదే ఊపిరితిత్తి మొదట నున్న గ్రంథులకు చేరినది.
> మూడవది: సాధారణముగా రెండు ఊపిరితిత్తుల నడుమ గ్రంథులకు, లేక మెడ క్రింది గ్రంథులకు, లేక గుండె, అన్నవాహిక వంటి పొరుగు భాగములకు ప్రాకినది.
> నాలుగవది: రెండవ ఊపిరితిత్తికి, మెదడునకు, ఎముకలకు, కాలేయమునకు, మూత్రపిండములపై నుండు అడ్రినల్ గ్రంథులకు పోయినది. ఊపిరితిత్తి చుట్టు చేరిన నీటిలో క్యాన్సర్ కణములు కనబడినను అది నాలుగవ దశయే.
>
> నూటికి పదునైదు మందికి వచ్చు "స్మాల్ సెల్" రకము అతివేగముగా వ్యాపించును గనుక, దానిని ఒక్క రేడియేషన్ పరిధిలో ఇముడునదనియు, ఇమడనిదనియు రెండు తెగలుగా కూడ విభజింతురు.

కత్తికి లొంగు కాలము

మొదటి రెండు దశలలో వైద్యుని సంకల్పము రోగమును నిర్మూలించుటయే. ఊపిరితిత్తులలో కుడివైపు మూడు, ఎడమవైపు రెండు భాగములుండును. కణితియున్న భాగమును, దాని గ్రంథులతో సహా తీసివేయుట చిరకాలముగా ఉత్తమ పద్ధతిగా నిలిచినది. 1995లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధన యొకటి, అంతకంటె తక్కువ తీసిన రోగము తిరుగబెట్టు ప్రమాదము హెచ్చని చెప్పినందున దాదాపు మూడు దశాబ్దముల పాటు ఆ మాటయే శాసనమైనది. ఇటీవల 2022లో జపాను వైద్యులు, 2023లో అమెరికా వైద్యులు ప్రకటించిన ఫలితములు మాత్రము, రెండు సెంటీమీటర్లకు లోబడిన కణితికి చిన్న ఖండమును తీసిన సరిపోవచ్చునని తేల్చినవి. వృద్ధులకును, ఊపిరి బలము తక్కువైనవారికిని ఇది కొండంత ఉపకారము. కత్తికి తట్టుకొనలేనివారికి, కణితిపైననే గురిపెట్టి కొలదిసార్లలో ముగియు తీక్ష్ణమైన రేడియేషన్ కూడ నేడు కలదు.

రెండవ దశలో కోత ముగిసిన తరువాత, కంటికి కనబడక మిగిలిన కణములకై కీమోథెరపీ ఇత్తురు. "ఆపరేషన్ బాగా అయింది కదా, మళ్లీ ఈ కీమో దేనికి?" అని రోగి విసుగుకొనుట సహజము. తొలగించిన కణితికి ఈజీఎఫ్ఆర్ అను జన్యువులో మార్పున్నయెడల, ఓసిమెర్టినిబ్ అను మాత్రను మూడేండ్లు ఇచ్చిన వారిలో అయిదేండ్లకు నూటికి 88 మంది జీవించియుండగా, ఇవ్వనివారిలో 78 మంది జీవించియున్నట్లు ఒక అంతర్జాతీయ పరిశోధన తెలిపినది. కనుక కోసి తీసిన ముక్కను జన్యుపరీక్షకు పంపితిరా అని అడుగుట రోగి బంధువులకు ఎంతయో ముఖ్యము.

మూడవ దశ, వైద్యులే తర్జనభర్జన పడు చోటు

నాకు తెలిసినంతలో, ఈ నాలుగు దశలలో రోగికిని వైద్యునకును అత్యంత క్లిష్టమైనది మూడవది. ఇందులో కోతకు లొంగువారును కలరు, లొంగనివారును కలరు. ఒకే స్కాన్‌ను చూచి ఒక శస్త్రవైద్యుడు "తీయవచ్చు" ననగా, వేరొకడు "తీయరా" దనుట కద్దు. అందుచేతనే శస్త్రవైద్యుడు, రేడియేషన్ వైద్యుడు, మందుల వైద్యుడు, పరీక్షల వైద్యుడు ఒక్క బల్లచుట్టు కూర్చుండి తీర్మానించు "ట్యూమర్ బోర్డు" ఉన్న ఆసుపత్రిని వెదకుకొనుట మేలు. మూడవ దశ యని చెప్పిన మరునాడే కోతకు తేదీ ఇచ్చు తొందరనుగాని, "ఇంటికి తీసుకుపోండి" అను నిస్పృహను గాని నమ్మరాదు.

కోతకు లొంగనివారికి ఆరు వారములు రేడియేషన్ (పల్లెలలో "కరెంటు పెట్టించడం" అందురు), దానితోపాటు కీమో. కొన్నేండ్ల క్రితమువరకు అంతటితో ముగిసెడిది. 2017 నుండి ఆ పిమ్మట డుర్వాలుమాబ్ అను ఇమ్యునోథెరపీని ఒక సంవత్సరము ఇచ్చుచున్నారు. దేహముయొక్క రక్షణకణములను క్యాన్సర్ మభ్యపెట్టకుండునట్లు చేయు ఈ తెగ మందులకు మూలమైన పరిశోధనకే జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమానము లభించినది. డుర్వాలుమాబ్ పొందినవారిలో అయిదేండ్లకు నూటికి 43 మంది, పొందనివారిలో 33 మంది జీవించియుండిరి. పది మంది యనిన స్వల్పముగా తోచును. ఆ పది ఇండ్లలో నొకటి మనది యైనప్పుడు స్వల్పముగా తోచదు.

కోతకు లొంగగలవారికి 2022 నుండి మరియొక మార్గము తెరచుకొన్నది: ముందే మూడు విడతలు కీమోతోపాటు నివోలుమాబ్ అను ఇమ్యునోథెరపీని ఇచ్చి, తరువాత కోయుట. అట్లు చేసినవారిలో నూటికి 24 మందికి, కోసి తీసిన భాగములో బ్రదికియున్న క్యాన్సర్ కణమొక్కటియు కనబడలేదు. కీమో మాత్రమే పొందినవారిలో అట్టివారు నూటికి ఇద్దరే.

నాలుగవ దశ: మారిన చరిత్ర

"లాస్ట్ స్టేజి" అను మాట మన చలనచిత్రముల పుణ్యమా యని ఒక మరణశాసనముగా స్థిరపడిపోయినది. ఈ దశలో రోగమును నిర్మూలించుట సాధారణముగా సాధ్యము కాదనుట నిజము. సాధ్యము కాదు గనుక చేయవలసినది ఏమియు లేదనుట మాత్రము నేడు అసత్యము, కొన్నియెడల అపరాధము కూడ.

పాల్ కళానిధి అను భారతీయ సంతతి యువకుడు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో మెదడు శస్త్రవైద్యము నేర్చుచు, 2013లో, 36 ఏండ్ల ప్రాయమున, నాలుగవ దశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పట్టుబడెను. ఆయన కణితిలో ఈజీఎఫ్ఆర్ మార్పున్నట్లు తేలుటచే, సిరలోనికి ఎక్కించు కీమోకు బదులుగా ఎర్లోటినిబ్ అను మాత్రతో చికిత్స మొదలయ్యెను. కొంతకాలమునకు మరల శస్త్రచికిత్సాశాలలో కత్తి పట్టెను. 2014లో ఆయనకు కుమార్తె కలిగెను. తన అనుభవమును గ్రంథముగా వ్రాయుచు 2015 మార్చిలో మరణించెను. ఆ గ్రంథము మరుసటి యేడు ప్రకటింపబడగా లోకమెల్ల చదివినది. ఆ మాత్ర ఆయనను శాశ్వతముగా కాపాడలేదు. కాని ఆ కొద్ది కాలములో ఒక శిశువు జన్మించినది, ఒక గ్రంథము పుట్టినది.

ఆ జన్యుమార్పు 2004లో కనుగొనబడినది. భారతీయులలో, "అడినోకార్సినోమా" రకము సోకినవారిలో నాలుగవవంతు మొదలు మూడవవంతు వరకు ఇది కనబడుచున్నది. పొగత్రాగనివారిలో మరింత హెచ్చు. దీనికి వాడు గెఫిటినిబ్ మాత్రను హైదరాబాదులోని నాట్కో వంటి సంస్థలు జనరిక్‌గా తయారుచేయుటచే, ఒకప్పుడు ధనికులకే అందెడి ఆ మందు సామాన్యునకు కూడ అందుబాటులోనికి వచ్చినది. ఇది మనవారు గర్వింపదగిన విషయము. దానికి తరువాతి తరమైన ఓసిమెర్టినిబ్ తొలి చికిత్సగా పొందిన రోగులలో సగము మంది మూడేండ్లకు మించి జీవించిరి. ఏఎల్‌కే అను వేరొక మార్పును 2007లో జపాను వైద్యులు వెల్లడించిరి. దానికి లార్లాటినిబ్ అను మాత్రను పొందినవారిలో నూటికి 60 మందికి అయిదేండ్లు గడచినను రోగము ముదరలేదు. జన్యుమార్పు లేనివారిలో, పీడీఎల్-1 అను గుర్తు హెచ్చుగా ఉన్నవారికి పెంబ్రోలిజుమాబ్ అను ఇమ్యునోథెరపీని ఇచ్చిన, అయిదేండ్లకు నూటికి సుమారు 32 మంది జీవించియుండిరి. కీమో పొందినవారిలో 16 మంది.

ఇమ్యునోథెరపీ ధర మన సామాన్య కుటుంబమునకు మోయలేని భారము. ఎకరము అమ్మి రెండు విడతలు ఎక్కించి, మూడవదానికి డబ్బులేక ఆగిపోయినవారు కలరు. మొదలుపెట్టుటకు ముందే, పూర్తి చికిత్సకు ఎంతయగునో, ఆరోగ్యశ్రీ యందు ఏది వచ్చునో ఏది రాదో, తక్కువ ఖర్చులో సమాన ప్రయోజనమిచ్చు మార్గమున్నదో లేదో వైద్యుని సూటిగా అడుగవలెను. అడుగుట అవమానము కాదు.

> ■ అంకెలను చదువుట ఎట్లు?
>
> 16 దేశములకు చెందిన 94 వేలకు పైచిలుకు రోగుల వివరములతో సిద్ధమైన ఎనిమిదవ సంస్కరణ లెక్కలలో, అయిదేండ్లు జీవించినవారు: ఒక సెంటీమీటరుకు మించని మొదటి దశ కణితికి నూటికి 92, మొదటి దశ చివరి మెట్టున 68, రెండవ దశలో 60 నుండి 53, మూడవ దశలో 36 నుండి 13, నాలుగవ దశ మొదటి మెట్టున 10.
>
> వీరందరును 1999–2010 నడుమ రోగము బయటపడినవారు. పెక్కుమంది జపాను దేశీయులు. పైన చెప్పిన మందులలో అనేకము అప్పటికి లేవు. అయిదేండ్ల ఫలితము తెలియుటకు అయిదేండ్లు గడవవలెను గదా. కనుక ప్రతి అంకెయు పాతబడియే మనకందును.
>
> వేరొక చిక్కును ఆల్వన్ ఫైన్‌స్టీన్ అను వైద్యుడు 1985లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులనే పరిశీలించి చూపెను. "ఏ" సెక్షనులో అందరికంటె వెనుకబడిన పిల్లవానిని "బీ" సెక్షనునకు మార్చితిమనుకొందము. అతడు అక్కడివారి సగటుకంటె మెరుగైనచో రెండు సెక్షనుల సగటును పెరుగును, కాని పిల్లవాని చదువు మారలేదు. అట్లే మంచి స్కాన్లు వచ్చి, దాగిన రోగమును కనిపెట్టి, మూడవ దశలోని కొందరిని నాలుగవ దశకు మార్చినంతనే రెండు దశల ఫలితములును మెరుగైనట్లు కాగితముపై కనబడును.

మనవద్ద కాలము ఎక్కడ పోవుచున్నది?

మన దేశమున ఈ రోగులలో నలుగురిలో ముగ్గురైనను మూడవ, నాలుగవ దశలలోనే పట్టుబడుచున్నారు. పేదరికము, దూరము, అశ్రద్ధ అను మామూలు కారణములు ఉండనే ఉన్నవి. వాటికి మించిన కారణ మొకటి కలదు. దానిని గూర్చి నిర్మొహమాటముగా చెప్పవలసియున్నది.

మన నేలపై దగ్గు అనగానే క్షయ. లోకములోని క్షయ రోగులలో నాలుగవవంతు మన దేశమువారే. మదనపల్లె చేరువ ఆరోగ్యవరము శానిటోరియము, హైదరాబాదు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి వంటివి తరతరముల జ్ఞాపకములో నిలిచినవి క్షయ మూలముగానే. ఆ భయము సహేతుకము, ఆ జాగ్రత్త అవసరము. కాని జరుగుచున్నదేమి? అరువదేండ్ల రైతు, ముప్పదేండ్లుగా చుట్ట త్రాగువాడు, దగ్గుతో ఊరి వైద్యునివద్దకు పోవును. ఎక్స్‌రేలో మచ్చ. కఫములో క్రిమి కనబడలేదు. "అయినా టీబీయే అయ్యుంటుంది, ఆరు నెలల కోర్సు వాడండి" అందురు. మొదటి నెల ఆకలి కొంచెము పుట్టినట్లుండును, నమ్మకము కలుగును. మూడవ నెల బరువు తగ్గును, మందుల వేడి యందురు. నాలుగవ నెల గొంతు బొంగురుపోవును. రొమ్ములోని గ్రంథులు పెరిగి స్వరపేటిక నాడిని నొక్కుటవలన అట్లగునని చెప్పువారుండరు. ఆరవ నెల నడుము నొప్పి. వెన్నెముకకు రోగము చేరినదని తెలియక నొప్పిమాత్రలు మ్రింగును. అప్పుడెవరో పట్టణమునకు పొమ్మందురు. స్కాన్ తీసిన వైద్యుడు పాత ఎక్స్‌రేను దీపమునకు ఎదురుగా పట్టి చూచి మౌనము వహించును.

ఈ కథలో దుర్మార్గులు లేరు. క్షయ మందులిచ్చిన వైద్యునికి ఎదుట కనబడునది క్షయయే. అయినను నియమము స్పష్టము: కఫ పరీక్షలో, సీబీనాట్ వంటి జన్యుపరీక్షలో క్షయక్రిమి రుజువు కానియెడల, అందునను రోగి పొగత్రాగినవాడో నలుబది దాటినవాడో ఐనయెడల, సీటీ స్కాన్ తీయించక మందులతో నెలలు గడుపరాదు. మందులు మొదలిడినను రెండు నెలలకు మచ్చ కరగనిచో మరల ఆలోచింపవలెను. రెండు రోగములును ఒకే దేహములో కలిసియుండుటయు అరుదు కాదు. మూడు వారములు దాటిన దగ్గు, కఫములో నెత్తురు జీర, మానని గొంతు బొంగురు, చేతివేళ్ల కొనలు ఉబ్బుట, భుజమునుండి చేతిలోనికి జారు నొప్పి – ఇవి ఉపేక్షింపరాని లక్షణములు. ఈ చివరిదానిని కీళ్లవాతముగా భావించి నెలలు గడిపినవారికి, ఊపిరితిత్తి కొనయందు కణితి బయటపడిన సందర్భములు అనేకము.

అమెరికాలో 53 వేలకు పైబడిన పొగత్రాగువారిపై జరిపి 2011లో ప్రకటించిన పరిశోధన, బాధలేమియు లేకపోయినను ఏటేట తక్కువ మోతాదు సీటీ స్కాన్ తీసినవారిలో, ఎక్స్‌రే మాత్రమే తీసినవారికంటె, ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణములు నూటికి 20 వంతులు తగ్గినవని చూపినది. ఏబదేండ్లు దాటి, ఇరువదేండ్లపాటు రోజున కొక పెట్టె కాల్చినవారికి అక్కడ దీనిని సిఫారసు చేయుచున్నారు. మనవద్ద పాత క్షయ మచ్చలు అనేకుల ఊపిరితిత్తులలో ఉండుటచే ఈ స్కాన్ అనవసరపు భయములను, అనవసరపు ముక్క పరీక్షలను తెచ్చిపెట్టవచ్చును. అందరికిని వలదు, కాని దీర్ఘకాలము పొగత్రాగినవారు ఈ మాటను తమ వైద్యునితో ఎత్తవలెను.

"నాన్నకు మాత్రం చెప్పకండి"

క్యాన్సర్ వైద్యులను ఎవరినడిగినను, తలుపు మూసి కొడుకు లోపలికి వచ్చి చెప్పు మొదటి మాట ఇదే యందురు. ప్రేమచేతనే యనును. రోగికి తెలిసిన కుంగిపోవునని భయము. కాని కీమోవలన జుట్టు రాలుచుండగా, ప్రక్క మంచముల వారందరును అదే రోగముతో ఉండగా, తండ్రికి తెలియకపోవుట ఎట్లు? ఆయనకు తెలియును, కొడుకు బాధపడునని తెలియనట్లు నటించును. ఇరువురును ఒకరినొకరు కాపాడుకొనుచు, మాట్లాడవలసిన నెలలను మౌనములో గడుపుదురు. పొలము ఎవరి పేర వ్రాయవలెనో, చిన్నదాని పెండ్లి ఎప్పుడు చేయవలెనో, చికిత్స ఎంతవరకు చేయించుకొనవలెనో నిర్ణయింపవలసినవాడు ఆయనయే గదా. అంకెలన్నియు ఒకేమారు చెప్పనక్కరలేదు. "మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?" అని ఆయననే అడిగి, ఆయన కోరినంత చెప్పుటలో క్రౌర్యము లేదు.

దశతో సమానముగా వైద్యుడు చూచు లెక్క ఇంకొకటి కలదు: రోగి తన పనులు తాను చేసికొనుచున్నాడా, పగటిలో సగము మంచముననే గడుపుచున్నాడా అనునది. నాలుగవ దశలోనున్నను చురుకుగా తిరుగువానికి ఇచ్చు చికిత్సను, లేవలేనివానికి ఇచ్చిన మేలుకంటె కీడే హెచ్చు. ఎప్పుడు ఆపవలెనో తెలిసికొనుట కూడ చికిత్సలో భాగమే.

2010లో బోస్టన్ నగరమున జెన్నిఫర్ టెమెల్ అను వైద్యురాలు, నాలుగవ దశ రోగులు 151 మందిని రెండు తెగలుగా చేసి, ఒక తెగకు మామూలు చికిత్సయే ఇచ్చి, రెండవ తెగకు దానితోపాటు మొదటినుండియే బాధానివారణ వైద్యమును, అనగా నొప్పి, ఆయాసము, నిద్ర, దిగులు, కుటుంబపు భారము, వీటిని పట్టించుకొను పాలియేటివ్ చికిత్సను కూడ ఇప్పించెను. ఆ రెండవ తెగవారు ఎక్కువ నెమ్మదిగా బ్రదికిరి, కుంగుబాటు తక్కువ, చివరి దినములలో తీవ్ర చికిత్సలు తక్కువ పొందిరి. అయినను మధ్యస్థ జీవితకాలము వారికి 11.6 నెలలు, మొదటి తెగకు 8.9 నెలలు. నొప్పి తగ్గించు వైద్యము ప్రాణమును త్వరగా వదలించునను మన నమ్మకము ఎంత తలక్రిందులైనదో దీనివలన తెలియును.

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎమ్.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో ఇట్టి విభాగము కలదు. నొప్పికి వాడు మార్ఫిన్ మాత్ర అంత ఖరీదైనది కాదు. దానిని ఆసుపత్రులు నిలువచేసికొనుటకు ఉండిన లైసెన్సుల చిక్కులను సడలించుటకై 2014లో పార్లమెంటు మాదకద్రవ్యముల చట్టమును సవరించినది. అయినను అనేక జిల్లాలలో ఆ మాత్రను వ్రాయు వైద్యుడుగాని, అమ్ము దుకాణముగాని దొరకుట నేటికిని కష్టమే. నాలుగవ దశ యని కాగితముపై వ్రాసిన నాడే, జన్యుపరీక్ష ఎప్పుడు వచ్చునని అడిగినట్లే, మన జిల్లాలో మార్ఫిన్ ఎక్కడ దొరకునని కూడ ఆ వైద్యుని అడుగవచ్చును. కడపటి వారమువరకు ఆగనక్కరలేదు.